ఫోటోల అటకకు అద్దె

కొబ్బరికాయ కురిడీ కావలెనన్నచో దానిని నెలల తరబడి అటకమీద ఉంచవలయునని కోనసీమలో పిల్లలకు సహితము తెలియును. అటక మనది, కాయ మనది. ఎలుక కొట్టినను, కాయ కుళ్లినను నష్టము మనది. మామిడికుదురు ప్రాంతపు ఇండ్లకు ఇప్పుడు రెండవ అటక యొకటి ఏర్పడినది. అది ఇంటికప్పు క్రింద లేదు. ఏ దేశమున ఉన్నదో ఇంటివారికి తెలియదు. నెలనెలా అద్దె మాత్రము కట్టవలయును. ఫోనులోని ఫోటోలను, వీడియోలను, ఉత్తరములను అంతర్జాలము ద్వారా దూరముననున్న యంత్రములలో దాచి ఉంచు సేవ యిది. ఇచ్చు అద్దెకు తగిన విలువ మనకు ముట్టుచున్నదా అను విషయమును ఇచట విచారింతము.

ఈ అద్దె ఎట్లు వచ్చినదో మొదట చూడవలెను. గూగుల్ సంస్థ ప్రతి ఖాతాకు 15 గిగాబైట్ల చోటు ఉచితముగా ఇచ్చుచున్నది. 2021 జూన్ 1వ తేదీకి పూర్వము, నాణ్యత కొంత తగ్గించి దాచిన ఫోటోలు ఈ లెక్కలోనికి వచ్చెడివి కావు. నాటినుండి వచ్చుచున్నవి. 2024లో ఆండ్రాయిడ్ ఫోనులలోని వాట్సాప్ సంభాషణల నకళ్లు కూడ ఆ 15లోనే చేరినవి. మన ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పోయినవారు అనేకులు. తల్లి కువైటులో, పిల్లలు ఇచట. దినమునకు ఎన్ని వీడియోలు అటునిటు పోవునో చెప్పనక్కరలేదు. అట్టి యింటిలో ఒకనాడు “నిల్వ నిండినది” అను హెచ్చరిక వచ్చును. నిండిన పిదప ఆ ఖాతాకు జీమెయిలు ఉత్తరములు రావు. పరీక్షాఫలితమో, ఉద్యోగపు పిలుపో ఆగిపోవునను భయము కలుగును. మొదటి నెల అద్దె కట్టించునది చాలవరకు ఈ భయమే. ధరల పట్టికను పోల్చి చూచి కట్టినవారిని నేను అరుదుగా చూచితిని.

ఇక ధరలు. ఆంగ్లాక్షరము ఒకటి పట్టు చోటును బైటు అందురు. (మన తెలుగు ‘క’కు సాధారణముగా మూడు బైట్లు కావలయును.) నూరు కోట్ల బైట్లు ఒక గిగాబైటు. అందులో ఫోను ఫోటోలు సుమారు మూడువందలు పట్టును. 2024 నాటి ధరలలో గూగుల్ వన్ 100 గిగాబైట్లకు నెలకు 130 రూపాయలు, సంవత్సరమునకు ఒక్కసారి కట్టినచో 1300. 2000 గిగాబైట్లకు సంవత్సరమునకు 6500. ఆపిల్ వారి ఐక్లౌడ్‌లో ఉచితము 5 గిగాబైట్లే. 50కి నెలకు 75 రూపాయలు, 200కు 219, 2000కు 749. డ్రాప్‌బాక్స్ ఉచితముగా ఇచ్చునది 2 గిగాబైట్లు. ఆ పైన ఒంటరి వినియోగదారునకు ఉన్న మెట్టు ఒక్కసారిగా 2000 గిగాబైట్లు, ఏడాదికి కట్టినను నెలకు దాదాపు పది డాలర్లు. కుంచెడు ధాన్యము దాచవచ్చినవానికి గిడ్డంగి మొత్తము అద్దెకిచ్చినట్లున్నది.

ఈ ధరలను చోటుతో భాగించి, గిగాబైటుకు ఏది చౌకయో చెప్పుట సాధారణముగా జరుగుచున్న పోలిక. గూగుల్ వారి 100 గిగాబైట్ల మెట్టులో గిగాబైటుకు ఏడాదికి 13 రూపాయలు. 2000 మెట్టులో మూడుంబావు. పెద్దది చౌక అని తేలును. ఈ లెక్క తప్పు కాదుగాని, ప్రశ్న తప్పు. ఒక కుటుంబము నిజముగా దాచునది 60 గిగాబైట్లు అనుకొందము. అప్పుడు చిన్న మెట్టులో గిగాబైటుకు పడునది సుమారు 22 రూపాయలు, పెద్ద మెట్టులో 108. ఖాళీ చోటు సరుకు కాదు. గూగుల్, ఆపిల్ సంస్థలు రెండును కొనినవాడు తన చోటును కుటుంబములోని మరి ఐదుగురితో పంచుకొనుటకు అనుమతించుచున్నవి. ఆరుగురు కలిసి వాడుకొన్ననాడు పెద్ద మెట్టుకు అర్థము కలదు; లేనినాడు లేదు.

అంతకన్న ముఖ్యమైన ప్రశ్న వేరొకటి. మనము కొనుచున్నది చోటే అయినచో, బజారులో ఐదువేల రూపాయల చుట్టుపట్ల దొరకు వెయ్యి గిగాబైట్ల హార్డుడిస్కు కొనుక్కొనుట మేలు కదా? దూరమున ఉన్న అటకకు పదేండ్లలో పదమూడు వేలు అద్దె కట్టుట ఎందులకు?

ఇచట సంభావ్యతా గణితమును కొంచెము వాడవలెను. లక్షలకొలది డిస్కులు నడుపుచున్న బ్యాక్‌బ్లేజ్ అను అమెరికా సంస్థ తన డిస్కుల చావు లెక్కలను ఏటేట ప్రకటించుచున్నది. 2023లో అది నూటికి 1.40. మన డిస్కును అంతే గట్టిది అనుకొన్నను, వేయింట పదునాలుగు ఏడాదిలో పోవును. రెండు డిస్కులలో నకలు ఉంచినచో రెండును పోవు అవకాశము 0.014ను 0.014తో హెచ్చించగా వచ్చునది, అనగా పదివేలలో రెండు. ఎంతో ధైర్యము కలిగించు సంఖ్య. కాని ఆ గుణకారము చేయుటకు ఒక నిబంధన కలదు: ఒకదాని ఆపదకు రెండవదానితో సంబంధము ఉండరాదు. 2022 జూలైలో ధవళేశ్వరమువద్ద గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినపుడు మా బంధువుల లంక ఇంటిలో నీరు నడుములోతు నిలిచినది. వారు జాగ్రత్తపరులే, పెండ్లి ఫోటోలకు రెండు డిస్కులు ఉంచుకొనిరి. రెండును ఒకే బీరువాలో, ఒకే క్రింది అరలో ఉండినవి. రెండును బురదనీటిలో నానినవి. తరగతిలో ఈ నిబంధనను ఏండ్లుగా బోధించుచున్న నేనే ఆ బీరువాను ఎన్నో పర్యాయములు చూచియుంటిని, ఒక్కమాట అనలేదు.

కావున మనము అద్దెకు కొనదగినది చోటు కాదు, మన ఆపదకు సంబంధములేని మరొక నకలు. పెద్ద సంస్థలు దీనిని కల్పించు తీరు సరళమైనది. 4, 7, 9 అను మూడు అంకెలు దాచవలెననుకొందము. వాని మొత్తము 20ని కూడ నాలుగవ డిస్కులో వ్రాసి ఉంచినచో, 7 ఉన్న డిస్కు చెడినను 20లోనుండి 4ను, 9ని తీసి 7ను తిరిగి పొందవచ్చును. మూడింటికి మూడు నకళ్లు అక్కరలేదు, ఒక్క అదనపు అంకె చాలినది. 1960లో రీడ్, సోలమన్ అను ఇద్దరు గణితజ్ఞులు ప్రకటించిన సంకేతపద్ధతి, ఒకటికి బదులు అనేక భాగములు పోయినను తిరిగి కట్టుటకు వీలు కల్పించినది. భాగములను వేరువేరు భవనములలో ఉంచినపుడు దానికి పూర్తి బలము వచ్చును.

ఉంచనినాడు ఏమగునో దక్షిణ కొరియాలో తెలిసినది. 2025 సెప్టెంబరు 26న దేజన్ నగరమందలి ప్రభుత్వ సమాచార కేంద్రములో అగ్నిప్రమాదము జరుగగా, ఉద్యోగులు దాచుకొన్న 858 టెరాబైట్ల పత్రములు పోయినవి. వానికి మరొకచోట నకలు లేదు. భవనములు వేరైనను యజమాని ఒక్కడే అయినచో వేరొక ఆపద కలదు. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనీసూపర్ అను పింఛను సంస్థయొక్క గూగుల్ క్లౌడ్ చందా, అమరికలో జరిగిన పొరపాటువలన, రెండు ప్రాంతములలోను తుడిచిపెట్టబడినది. ఇంకొక సంస్థవద్ద నకళ్లు ఉంచుకొనుటచే వారు బ్రతికిరి.

మన ప్రాంతపు అనుభవము మూడవ తరహాది. 2022 మే 24న అమలాపురములో అల్లర్లు జరిగిన పిమ్మట కోనసీమలో కొన్ని దినములపాటు అంతర్జాలసేవలు నిలిపివేయబడినవి. దూరపు అటకలోని సరుకు చెక్కుచెదరలేదు, కాని నిచ్చెన లేదు. ధ్రువపత్రముల వరకు ప్రభుత్వమువారి డిజిలాకర్ 2015నుండి ఉచితముగా ఉన్నది. అందులో జారీ అయిన పత్రములు అసలు పత్రములతో సమానముగా చెల్లును. దానికొరకు ఎవరును అద్దె కట్టనక్కరలేదు. అయినను నిచ్చెన లేనినాడు అదియు అందదు.

ఉచితపు ఎరలను గూర్చి కొంచెము. 2024 ఆగస్టులో జియో 100 గిగాబైట్ల ఉచిత నిల్వను ప్రకటించినది. 2025 మేలో ఎయిర్‌టెల్ తన బిల్లు చందాదారులకు గూగుల్ వన్ 100 గిగాబైట్లను ఆరు నెలలు ఉచితముగా, పిదప నెలకు 125 రూపాయలకు ఇచ్చుటకు ఒడంబడినది. చేరుట సులభము. విడుచుట ఎంత కష్టమో లెక్కించి చూడుడు: దినమునకు 1.5 గిగాబైటు డేటా గల ఫోనులో, మరే పనికిని వాడకున్నను, 60 గిగాబైట్లను తిరిగి దించుకొనుటకు 40 దినములు పట్టును. ఈ ఖర్చు ఏ ధరల పట్టికలోను లేదు. అద్దె మానిన కుటుంబము ఆ నలుబది దినములను ముందే గడుపవలసియుండును. మానిన పిదప ఉచిత పరిమితిని మించిన ఖాతా రెండేండ్లు అట్లే ఉన్నచో గూగుల్ అందలి సరుకును తుడిచివేయవచ్చును.

నా తీర్పు యిది. ముందు ఏరవలయును. శుభోదయపు బొమ్మలను, ఒకే వీడియో పది గుంపులనుండి వచ్చిన పది నకళ్లను తీసివేసినచో చాల ఇండ్లకు 15 గిగాబైట్లే సరిపోవచ్చును. అప్పటికిని చాలనివారికి 100 గిగాబైట్ల మెట్టు, ఏడాదికి 1300 రూపాయలు, న్యాయమైన ధరయే. వరదకు అందని నకలుకు అది ఎక్కువ కాదు. దానితోపాటు ఒక డిస్కు ఉండవలెను, అది గట్టుమీది ఊరిలో చుట్టముల ఇంట ఉండవలెను. రెండువేల గిగాబైట్ల మెట్టు వీడియోలు తీసి జీవించువారికిగాని ఇతరులకు అక్కరలేదు.

పోలికల పట్టికలలో కనబడని అంశము ఇంకొకటి గలదు. ఖాతా ఒకరి పేర, సంకేతపదము ఒకరి తలలో. ఆ మనిషి గల్ఫులో మరణించినచో ఇచటి పిల్లలకు ఆ ఫోటోలు దక్కుటెట్లు? గూగుల్‌లో 2013నుండి, ఆపిల్‌లో 2021నుండి, ఖాతాదారు తన తరువాత ఎవరికి తాళము ఇవ్వవలెనో ముందుగా తెలుపు ఏర్పాటు ఉన్నది. దానికి రుసుము లేదు. పది నిమిషముల పని. నిరుడు నా డిగ్రీ తరగతిలో ఎందరు ఇంటిలో అది చేయించిరో అడిగితిని. ఒక్క చేయియు లేవలేదు, నాదియు లేవలేదు. ఆ సాయంత్రమే ఇంటికి పోయి నా భార్య పేరు వ్రాసితిని.