నాలుగు సెకన్ల జ్ఞాపకానికి నమస్కారం

ఓ ఏకకణమా, నన్నడగకుండా నా పేగుల్లో కాపురం పెట్టినదానా, నీకు దండం. ఈ.కోలై అన్న నీ పేరు చెవిన పడగానే కలుషితమైన నీళ్లు, విరేచనాలు గుర్తొచ్చి ముఖం చిట్లించేవాళ్లే ఎక్కువ. మీలో కొన్ని రకాలు చేసే పాడుపనికి మీ వంశమంతా మాటపడుతోంది. ఆ తగవు వైద్యులు తీరుస్తారు. నేను కీర్తించ వచ్చింది నీ ఈతను, ఆ ఈత లోపల నడిచే లెక్కను.

రెండు మైక్రాన్ల పొడవు, ఒక మైక్రాన్ వెడల్పు. కన్ను లేదు, ముక్కు లేదు, మెదడు ఊసే లేదు. అయినా సెరీన్ ఎటుందో, ఆస్పార్టేట్ ఎటుందో, గెలాక్టోజ్ తీపి ఏ మూల నుంచి వస్తోందో కనుక్కుని అటు చేరతావు. నీ లోకంలో నీళ్లు మనకు తెలిసిన నీళ్లు కావు. ఈదడం ఆపేశాక నువ్వు ఊపుమీద ముందుకు జారే దూరం హైడ్రోజన్ పరమాణువు వెడల్పుకన్నా తక్కువని ఎడ్వర్డ్ పర్సెల్ లెక్కగట్టి చెప్పాడు. గడిచిన క్షణపు ఊపు ఈ క్షణానికి అక్కరకు రాదు. ప్రతి మైక్రాన్‌నూ నీ రెక్కల కష్టంతో, కాదు, తోకల్లాంటి నీ కశాభాల కష్టంతో సంపాదించుకోవాల్సిందే.

ఒక సెకను సూటిగా పరుగు. సెకనులో పదో వంతు దొర్లుడు. మళ్లీ పరుగు, ఈసారి ఎటో! ఇంతే నీ ప్రయాణం. 1972లో హోవర్డ్ బెర్గ్, డగ్లస్ బ్రౌన్ నీ వెంట పడ్డారు. నువ్వు ఎటు కదిలితే దానికి ఎదురుగా నీ నీళ్ల గదినే జరుపుతూ, నిన్ను చూపు మధ్యలోంచి తప్పిపోనివ్వని మైక్రోస్కోపుతో నీ దారిని అన్ని దిక్కుల్లోనూ గీయించారు. ఆ గీతల్లో నీ గుణం బయటపడింది. మేలైన చోటికి పోతున్నంతసేపూ నీ పరుగు సాగుతుంది. దానికి దూరమవుతున్నప్పుడు మాత్రం పరుగు పెద్దగా తగ్గదు, ఎప్పటిలాగే ఉంటుంది. మంచి జరిగితే పట్టుకుంటావు, చెడు జరిగితే పట్టించుకోవు. ఇంతటి ఆశావాదిని నేను మనుషుల్లో చూడలేదు.

నీ కశాభం కొరడాలా ఆడుతుందని చాలాకాలం అనుకున్నారు. అది గుండ్రంగా తిరుగుతుందని 1973లో బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ వాదించారు. మరుసటి ఏడే మైకేల్ సిల్వర్‌మన్, మెల్విన్ సైమన్ నీ కశాభాన్ని గాజుపలకకు అంటించేశారు. తోక కదలలేకపోయింది, ఒళ్లు తిరిగింది! అలా కట్టుబడి ఉన్న నిన్ను చూస్తూ కూర్చోవాలి. అపసవ్యంగా గిరగిరా తిరుగుతావు, ఠక్కున ఆగుతావు, సవ్యంగా ఒక్క చుట్టు, మళ్లీ అపసవ్యం. అపసవ్యమైతే నీ కశాభాలన్నీ ఒక్క జడగా అల్లుకుని పరుగు. సవ్యమైతే జడ విడిపోయి దొర్లుడు. ఇప్పుడు ఆ నీళ్లలో కాస్త ఆస్పార్టేట్ కలిపితే సవ్యపు చుట్లు ఒక్కసారిగా మానేస్తావు. అపసవ్యం, అపసవ్యం, అదే పని. కాసేపటికి, ఆస్పార్టేట్ అక్కడే ఉండగానే, పాత వరస మళ్లీ మొదలు.

ఆ మళ్లీ మొదలవడానికే నా స్తోత్రమంతా. పూజగదిలో సాంబ్రాణి వేసిన కాసేపటికి మన ముక్కుకు ఆ వాసన తెలియనట్టే, నువ్వూ ఉన్నదాన్ని మరిచిపోయి, కొత్తగా వచ్చేదానికి సిద్ధమవుతావు. మరిచిపోలేనిదానికి దారి దొరకదు.

నీ ఒళ్లు మరీ చిన్నది. ఈ కొసకూ ఆ కొసకూ తీపిలో తేడా చూసుకునే వీలు నీకు దాదాపు లేదు. అందుకే చోటుతో చోటును పోల్చవు. ఇప్పటిని ఇందాకటితో పోలుస్తావు. 1972లోనే రాబర్ట్ మాక్‌నాబ్, డేనియల్ కోష్లాండ్ ఆకర్షించే పదార్థాన్ని నీ దగ్గరి చుట్టం సాల్మొనెల్లా చుట్టూ అంతటా సమంగా, ఒక్కసారిగా పెంచి చూశారు. ఏ వైపూ ఎక్కువ లేదు, అయినా దాని ఈత మారింది. నీ జ్ఞాపకం ఎంతసేపు ఉంటుందో 1986లో సీగల్, బ్లాక్, బెర్గ్ కొలిచారు. ఇప్పుడు గడిచిన ఒక సెకనును దాని ముందరి మూడు సెకన్లతో తూచి చూస్తావట. మొత్తం నాలుగు. అంతకన్నా తక్కువైతే తగిలిన అణువులు లెక్కకు చాలవు. బాగా ఎక్కువైతే నీటి అణువుల తోపులాట నీ ముఖాన్ని మరోవైపు తిప్పేస్తుంది, పాత కబురు పనికిరాకుండా పోతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఇరుకు సందులో ఇల్లు కట్టుకున్నావు.

నీ గుంపు పలచటి పట్టీలుగా గొట్టంలో సాగిపోవడాన్ని విస్కాన్సిన్‌లో జూలియస్ ఆడ్లర్ 1966లో చూపించాడు. 1971లో ఎవెలిన్ ఫాక్స్ కెల్లర్, లీ సీగెల్ ఆ పట్టీలను సమీకరణాల్లో నడిపించారు. గొప్ప లెక్కే గానీ, అది ఊరేగింపు లెక్క. నీ లోపలికి దిగిన లెక్క కోసం ఇంకా ఆగాల్సి వచ్చింది.

నీ ఒంటి కొసన వేల గ్రాహకాలు గుంపుకట్టి ఉంటాయి. వాటిమీద పడ్డ మార్పు లోపలి ఎంజైమ్ దగ్గరికి చేరేసరికి 35 రెట్లవుతుందని 2002లో విక్టర్ సూర్జిక్, బెర్గ్ కొలిచారు. ఆ ఎంజైమ్ చీ-వై అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తే, అది కశాభాన్ని తిప్పే మోటారు దగ్గరికెళ్లి దాన్ని సవ్యానికి తిప్పుతుంది. తీపి తగిలితే ఎంజైమ్ నెమ్మదిస్తుంది, పరుగు సాగుతుంది. ఇంతవరకూ సరే. మరి తిరిగి పాత వరసకే, అచ్చంగా పాత వరసకే, ఎలా వస్తావు? నీ లోపలి అంకెలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరితే తప్ప కుదరదన్నట్టుండేవి పాత నమూనాలు. కానీ ఒక కణానికీ పక్క కణానికీ ప్రోటీన్ల లెక్క ఎప్పుడూ ఒకటిగా ఉండదే!

1997లో ప్రిన్స్‌టన్‌లో నామా బార్కాయ్, స్టానిస్లాస్ లైబ్లర్ ఆ ముడి విప్పారు. చీ-ఆర్ అనే ఎంజైమ్ గ్రాహకాలకు మిథైల్ తగిలిస్తూ పోతుంది, బయట ఏమున్నా దాని వేగం దానిదే. చీ-బీ అనే మరో ఎంజైమ్ ఆ మిథైల్‌ను పీకేస్తుంది, కానీ పనిలో ఉన్న గ్రాహకాల నుంచే. తగిలించే వేగమూ పీకే వేగమూ సరిసమానమయ్యే చోట గ్రాహకాలు ఎంత చురుగ్గా ఉండాలన్నది ఆ రెండు ఎంజైములే తేల్చుకుంటాయి. బయటి తీపికి అందులో ఓటు లేదు. తీపి పెరిగితే మిథైల్ పెరుగుతుంది, చురుకు తన చోటికి వచ్చేస్తుంది. ఆ మిథైలే నీ జ్ఞాపకం. తల్లీ, ఇంత పెద్ద చిక్కును ఇంత చిన్న కూడిక, తీసివేతలతో దాటావా!

లెక్క చెప్పినంత మాత్రాన నమ్మేయకూడదు కదా. 1999లో ఊరీ ఆలన్, తోటివారు చీ-ఆర్‌ను నీలో పదుల రెట్లు పెంచి చూశారు. సర్దుకునే సమయం మారింది. ఎంత తరచుగా దొర్లుతావన్నదీ మారింది. ఆస్పార్టేట్ కలిపాక తిరిగి మొదటి వరసకు రావడం మాత్రం చెక్కుచెదరలేదు. ఏది మారుతుందో, ఏది మారదో ముందే చెప్పి నెగ్గిన నమూనా అది, అందుకే నీతోపాటు దానికీ ఈ దండం.

స్తోత్రం చేస్తున్నాను కదా అని నీ లోపం దాచను. సెరీన్ దగ్గర నువ్వు పూర్తిగా పాత వరసకు రావు, కొంత తేడా మిగిలిపోతుంది. ఆస్పార్టేట్ దగ్గర సరిపోయిన ఆ సమీకరణాన్ని అక్కడ దిద్దుకోవాల్సిందే.