వేఁటకుక్కలును గ్రంథములును

ఆంధ్రకావ్యములలో మృగయావర్ణనములకుఁ గొఱఁత లేదు. అల్లసాని పెద్దన మనుచరిత్రములోని స్వరోచి వేఁటయు, ధూర్జటి కాళహస్తిమాహాత్మ్యములోని తిన్నని వేఁటయుఁ బండితు లెల్లరు నెఱిఁగినవే. ఇట్టి ఘట్టములకు వ్యాఖ్య వ్రాయువారు పందికడ నాఁగి, దాని కోఱలకును బురదకును బ్రతిపదార్థము చెప్పి, కుక్కకడకు వచ్చినంతనే "వేఁటకుక్క" యను నొక్కమాటతో దాఁటిపోవుదురు. ఆ కుక్క యెట్టిది? పరువెత్తి మృగమును గఱచి పట్టునదా? మృగమును గనుఁగొని మొఱిఁగి, వేఁటకాఁడు వచ్చునందాఁక నిలిపియుంచునదా? ఈ రెండును వేర్వేఱు వేఁటలు. వానిని వర్ణించు పద్యముల నడకయు వేఱు. ఈ ప్రశ్న వ్యాఖ్యాతలకుఁ దోఁపకపోవుట యలసత కాదు. బదులు చెప్పఁదగిన లక్షణగ్రంథము తెలుఁగునఁ బ్రసిద్ధమై లేకపోవుటయే దానికిఁ గారణము.

గుఱ్ఱమున కీ లోపము లేదు. మనుమంచిభట్టు హయలక్షణవిలాసము రచించెను. కోడిపుంజునకును లేదు. గోదావరీమండలములలో, విశేషించి భీమవరప్రాంతమున, నిషేధము లెన్ని యున్నను సంక్రాంతి పందెములు సాగుచునే యుండుటచేఁ గుక్కుటశాస్త్ర మిప్పటికిని జదువఁబడుచున్నది. డేఁగ, కాకి, నెమలి, పింగళ యని యీఁకల వన్నెనుబట్టి భేదములు చెప్పి, యేది యే ప్రొద్దున దేనిని గెలుచునో యా గ్రంథము నిర్ణయించును. ఆ నిర్ణయములను నమ్మువారు నమ్ముదురు. పందెమున నోడినవారు శాస్త్రమును గాక తమ పఠనమును నిందించుకొందురు. కాని యా పుస్తకమున నొక గుణము కలదు. అది పుంజును జూచినవాఁడు వ్రాసినది, పుంజును జూచువానికై వ్రాసినది. సంస్కృతమున డేఁగవేఁటకుఁ గూర్మాచలాధీశుఁడగు రుద్రదేవుని శ్యైనికశాస్త్రము కలదు. హరప్రసాదశాస్త్రి దానిని 1910లోఁ గలకత్తాయందుఁ బ్రకటించెను.

కుక్క యశుచి యని ధర్మశాస్త్రములు చెప్పుటచేతను, కామజవ్యసనములలో మృగయను మనువు మొదటిదానిఁగా లెక్కించుటచేతను, శునకశాస్త్రము పుట్టలేదని కొంద ఱనవచ్చును. ఈ సమాధానము నిలువదు. ప్రాణిద్యూతమును మనువు నిషేధించినను గుక్కుటశాస్త్రము పుట్టినది కదా. మఱియుఁ గల్యాణి చాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు 12వ శతాబ్ది పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున సారమేయవినోద మని యొక ప్రకరణమే కలదు. రాజు తన గ్రంథమునఁ గుక్కలకుఁ జోటిచ్చుటకు సంకోచింపలేదు. గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలలో 1925 మొదలు 1961 వఱకు మూఁడు సంపుటములుగా నది వెలువడినది. అయినను మన ప్రబంధవ్యాఖ్యాతలు దానిని వేఁటఘట్టములకడఁ దెఱచి చూచుట యరుదు.

శాస్త్రము లేనిచోట శబ్దమే సాక్షి. ఇచ్చట వ్యాకరణ మొక యుపకారము చేయుచున్నది. శ్వన్, యువన్, మఘవన్ శబ్దములను బాణిని యొక్క సూత్రమునఁ గూర్చెననియు, కుక్కను దేవేంద్రునిప్రక్కఁ గూర్చుండఁబెట్టెననియు విద్యార్థులు నవ్వుకొనుట పరిపాటి. ఆ నవ్వులో నింకొక సూత్రము మఱుగుపడినది. నాలవ యధ్యాయము రెండవ పాదమునఁ గుల, కుక్షి, గ్రీవా శబ్దములకు వరుసగాఁ గుక్క, కత్తి, యలంకారము నను నర్థములయం దొక ప్రత్యేకప్రత్యయము విధింపఁబడినది. దానిచేఁ గౌలేయకము కుక్క, కౌక్షేయకము ఖడ్గము, గ్రైవేయకము కంఠభూషణము నగుచున్నవి. కుక్క కాని యర్థమున "కౌలము" అనియే రూపము. కులమనఁగా నిల్లా, వంశమా? ఇల్లనినచోఁ గౌలేయకము పెంపుడుకుక్క. వంశమనినచో జాతికుక్క. వీథికుక్కకు శ్వశబ్దమే చాలియుండఁగాఁ గుక్కకొఱకే యొక రూపమును విధింపవలసివచ్చుట యోజింపఁదగినది. ఒరలోని కత్తి, మెడలోని హారము, నింటఁ బుట్టిపెరిఁగిన కుక్క యను మూఁడును గలవాఁ డెవ్వఁడో, యాతని లోకవ్యవహారమునుండియే యీ సూత్రము వచ్చినది. కావున గృహవంశములు రెండును గలసిన యర్థమే యిచ్చట సమంజసము. అమరసింహుఁడు శునకపర్యాయములలోఁ గౌలేయకమును సామాన్యనామముగాఁ జేర్చుటతో నీ విశేషము మాసిపోయినది. అతఁడే మృగయాకుశలమగు కుక్కకు విశ్వకద్రు వని వేఱుపేరు చెప్పియుండుటయు మన పాఠశాలలలో వల్లించుటకేకాని యర్థమునకుఁ బనికిరాలేదు.

పాణిని శలాతురమువాఁడు, వాయవ్యదేశీయుఁడు. అయోధ్యాకాండము డెబ్బదియవ సర్గమునఁ గేకయరాజు భరతునకు వీడుకో లిచ్చునప్పు డంతఃపురమునఁ బెంచిన మహాకాయములగు కుక్కలఁ గానుకగా నొసఁగెను. వాల్మీకి వానికి వ్యాఘ్రబలమును జెప్పి, దంష్ట్రలే యాయుధములుగా వర్ణించెను. అంతఃపురమునఁ బెరిఁగిన కుక్కకంటెఁ గౌలేయకశబ్దమునకు వేఱుదాహరణ మేల? క్రీ. పూ. 326లో నలెగ్జాండరు పంజాబు సీమకు వచ్చినప్పుడు సోపైథీసను రాజు తన కుక్కలు సింహముతోఁ బోరుట చూపెననియు, నూటయేఁబది కుక్కలఁ గానుక యిచ్చెననియు గ్రీకు చరిత్రకారుఁడు డయొడోరసు వ్రాసెను. ఆ సీమయుఁ గేకయపరిసరమే. కావ్యమును జరిత్రయు నొక్కచోట నింత చక్కఁగాఁ గలియుట యరుదు. వ్యాఖ్యాతలు మాత్ర మీ కుక్కలను ఏనుఁగులు, గుఱ్ఱములు, కంబళ్లు మొదలగు కానుకల పట్టికలో నొక యంకెగాఁ జదివి విడిచిరి.

వైయాకరణుల యుదాహరణములు మఱికొన్ని కలవు. కుక్కలగుంపుతోఁ దిరుగువాఁడు శ్వాగణికుఁడు. కుక్కకును బందికిని గల వైరము శ్వావరాహిక. ఈ రెండవమాట పుట్టుట కొక కారణ ముండవలెను; వీథిలోఁ గుక్కయుఁ బందియు నొకదాని జోలికొకటి పోక చెత్తకుప్పను బంచుకొనుట యెల్లరు చూచునదే! వైరము పుట్టినది యడవిలో, వేఁటలో. కౌటిల్యుఁ డర్థశాస్త్రమున వివీతాధ్యక్షప్రకరణమునందు లుబ్ధకులను శ్వగణులను నడవులఁ దిరుగుటకు నియమించెను. కాళిదాసు రఘువంశము తొమ్మిదవ సర్గమున దశరథుని వేఁటకు ముందుగా శ్వగణులనే వనము చొప్పించెను. రాజునకు ముందుగా నడచినవానిని బాఠకుఁ డూరక దాఁటుట న్యాయము కాదు.

ఇంతవఱకుఁ జెప్పినవి పట్టి చీల్చు కుక్కలు. రెండవజాతిని దెలిసికొనుట కుత్తరఖండములోని ఫిన్లాండు దేశమునకుఁ బోవలెను. అచ్చటి వేఁటకుక్క నక్కవన్నెది, చెవులు నిక్కియుండును, తోఁక వీఁపుపైకిఁ జుట్టుకొనియుండును. స్పిట్జు అను నుత్తరదేశపుఁ గుక్కల తెగలోనిది. దాని దేశభాషానామము "ప్యుస్త్యుకొర్వ". నిక్కిన చెవులు గలది యని యర్థము. మనవారు బహువ్రీహి యందురు. ఈ కుక్క యడవికోళ్ల తెగకుఁ జేరిన పెద్దపక్షిని లేపి, యది వ్రాలిన చెట్టును గనిపెట్టి, క్రింద నిలిచి యెడతెగక మొఱుఁగును. పక్షి కొమ్మపైనుండి కుక్కనే చూచుచుండఁగా వేఁటకాఁ డా ధ్వనిజాడఁ బట్టి చేరును. మొఱుఁగుటయే దీని విద్య. అక్కడ మొఱుఁగుటలో నేఁటేఁటఁ బోటీలు పెట్టి గెలిచినదానిని రాజని పిలుతురు. నార్వే దేశమున నిదే తెగకుఁ జేరిన మఱియొక కుక్క యెల్కను పెద్ద దుప్పిని మొఱిఁగి నిలుపును. దాని పేరు "ఎల్గ్‌హుండ్". ఆ భాషలో "హుండ్" అనఁగాఁ గేవలము కుక్క. ఆంగ్లేయులు దానిని "హౌండ్" అని వినిరి. వారి భాషలో నా మాటకుఁ దఱుముకొనిపోవు వేఁటకుక్క యని యర్థము. ధ్వనిసామ్యము నమ్మి చేసిన యనువాదము జాతినే మార్చినది.

ఫిన్లాండు కుక్క కథలో గ్రంథముయొక్క పాత్రము గమనింపఁదగినది. 19వ శతాబ్ది చివర రాకపోకలు పెరిఁగి, యితరజాతులతో సంకరమై, యా కుక్క నశించునంత పనియైనది. హ్యూగో శాండ్బర్గు 1890లో నొక పత్రికయందు దాని గుణములఁ గూర్చి వ్యాసము వ్రాసి, దానిని గాపాడవలెనని కోరెను. హ్యూగో రోసు మేలైన కుక్కల నేరి పెంచెను. 1892లో లక్షణపత్రము సిద్ధమైనది. 1979లో నది యా దేశమునకు జాతీయశునకమైనది. కుక్కను బ్రదికించినది పెంపకమే. కాని దేనిని బెంపవలెనో చెప్పినది వ్రాఁత. మన హయలక్షణకర్తలును జేసిన పని యిదియే.

ఈ భేదము నెఱిఁగి చదివినచో నన్నయభారతమున నొక ఘట్టము క్రొత్తగాఁ దోఁచును. గోదావరీతీరమున రాజమహేంద్రవరమున 11వ శతాబ్దిలో వెలసిన యాదిపర్వమునఁ గుక్కలు రెండుచోట్లఁ గథను నడపుచున్నవి. మొదటిచోట సరమ తన కొడుకును గొట్టినందుకు జనమేజయుని మందలించును. ఆ మాటలు తెలుఁగువారికి నోటికి వచ్చినవే. రెండవచోట నేకలవ్యుఁడు. పాండవులు వేఁటకుఁ బోయినప్పు డొక కుక్క వారికి దూరమై, యడవిలోఁ దిరిగి, యేకలవ్యునిఁ గని మొఱిఁగెను; ఆతఁడు దాని నోట బాణము లేసెను; అది యట్లే పాండవులకడకు వచ్చెను. మూలమున బాణము లేడు. సాధారణముగా నిచ్చట నేకలవ్యుని హస్తలాఘవమునే మెచ్చుకొని, కుక్కను గుఱిమాత్రముగాఁ జూతురు. కాని కథ యంతయు నా మొఱుఁగుమీఁద నిలిచినది. అది పట్టి చీల్చు కుక్కయైనచో మొఱుగక మీఁదఁబడియుండును. ఏకలవ్యుఁడు దానిని జంపవలసివచ్చును. పాండవుల కాతని సంగతి తెలియకపోవును. యజమానునకుఁ గనఁబడనిచోట నపూర్వవస్తువును గని, కఱవక, నిలిచి మొఱుఁగుట యుత్తరదేశపుఁ గుక్క చేయు పనియే. అది ఫిన్లాండు జాతిదని యెవ్వరు నన నక్కఱలేదు. ఆ వేఁటపద్ధతి మనవారికిని దెలియునని మాత్రము చెప్పవచ్చును. ఏకలవ్యుఁడు కొట్టినది కుక్క ప్రాణమును గాదు, దాని విద్యను. బొటనవ్రేలు గోల్పోవుటకు ముందు తానే యొక ప్రాణి విద్యను మూసెను. ఈ సామ్యమును గవి చెప్పలేదు, కథలోనే యున్నది. అమరములోని పర్యాయములలో మొఱుఁగునది యను నర్థము గల భషకశబ్ద మిచ్చట నొదిఁగినట్లు మృగదంశకశబ్ద మొదుగదు.

తెలుఁగు మాటలలో "వేఁపి" ప్రాఁతవడినది. "జాగిలము"నకు నిఘంటువులు వేఁటకుక్క యని యర్థము చెప్పుచున్నవి. ఆ మాట నేఁడు పత్రికలలోఁ బోలీసు జాగిల మై, దొంగల జాడ తీయుచున్నది. వేఁట పోయినను ఘ్రాణము మిగిలినది! ఆంగ్లమున దీనికిఁ గూడ "హౌండ్" అని వ్రాసి సరిపుచ్చుట, నార్వే కుక్కకుఁ గలిగిన గతినే తెలుఁగు కుక్కకుఁ గలిగించుట.

తెలుఁగువారి చేతిలో నేఁటికిని బ్రదికియున్న వేఁటకుక్క జాతి యొకటి కలదు. తమిళనాట విరుదునగరము జిల్లాలోని రాజపాళయమునకు విజయనగరకాలపు వలసలలోఁ జేరిన తెలుఁగు రాజులు పెంచిన తెల్లనికుక్క యది, ముక్కు గులాబివన్నెది, పందివేఁటకుఁ బ్రసిద్ధము. శ్వావరాహికకు సజీవోదాహరణము. భారతీయతపాలాశాఖ 2005లో నాలుగు దేశీయశునకజాతులకు ముద్రలు వెలువరించినప్పుడు ముధోలు, రాంపూరు, హిమాలయజాతులతోపాటు దీనికిని జోటు దొరకినది. థియొడోర్ భాస్కరన్ 2017లోఁ బ్రకటించిన "ది బుక్ ఆఫ్ ఇండియన్ డాగ్స్" దేశీయజాతుల చరిత్రము నొక్కచోటఁ గూర్చిన మంచి పుస్తకము. అది యాంగ్లగ్రంథము. గోదావరీమండలములలోని రాజులు పుంజునకు శాస్త్రము చదువుచుండఁగా, వారితో జాతిసంబంధము చెప్పుకొను దక్షిణపు రాజుల కుక్కను గూర్చి తెలిసికొనఁగోరిన తెలుఁగు చదువరి యింగ్లీషు పుస్తకము తెఱవవలసివచ్చుచున్నది.

1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టముతో వేఁట నిషిద్ధమైనది. అది యుచితమే. కాని వేఁటతోపాటు దాని మాటలును బోవుచున్నవి. కుక్కపిల్లలలో మేలైనదాని నేఱుటకుఁ జూచు గుఱుతులు, దానిని బందిపై నుసికొల్పు పిలుపు, వెనుకకు రప్పించు పిలుపు, గాయమునకుఁ గట్టు మందాకు, ఇవి రాజపాళయపు వృద్ధుల నోటఁ దెలుఁగుననే యుండఁదగినవి. ప్రబంధములకుఁ గ్రొత్తగా టీక వ్రాయఁబూనువారు పెద్దన పద్యమును జేతఁబట్టుకొని ముందా యూరికిఁ బోయి, యా వృద్ధులకుఁ జదివి వినిపించి, వారు చెప్పినది వ్రాసికొని వచ్చుట మేలు.