మైనం మీద నిలిచిన స్వరం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. వీణ ఉన్న ఇంట్లో ఆ ఎండ ముందుగా మెట్ల కింది మైనానికి తగులుతుంది. నిన్నటిదాకా నిక్కచ్చిగా పలికిన పై షడ్జమం ఇవాళ ఒక పిసరు తగ్గి వినిపిస్తుంది. బిరడా తిప్పి దాన్ని సరిచేయబోతే కింది షడ్జమం హెచ్చుతుంది. ఎంత తిప్పినా రెండూ కలవవు. తప్పు తీగది కాదు, మెట్టు కదిలింది.

సరస్వతీ వీణకు 24 మెట్లు. ఒక్కో తీగ మీద 12 స్వరస్థానాల చొప్పున రెండు స్థాయిలు పలుకుతాయి. వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన మూడు తాళ తీగలు. ఈ మెట్లను పట్టి ఉంచడానికి మేకులుండవు, మరలుండవు. దండి రెండు అంచుల వెంబడి నల్లటి మైనపు గట్లు పోసి, వాటిలో కంచు మెట్లను కూర్చోబెడతారు. తేనెమైనంలో బొగ్గుపొడి, గుగ్గిలం కలిపి చేసే ముద్ద అది. ఇలా మెట్లు అమర్చడాన్నే మేళం కట్టడం అంటారు.

ఒకప్పుడు రాగాన్ని బట్టి మెట్లు జరుపుకొనే వీణలుండేవి. అన్ని రాగాలకూ సరిపోయేలా 24 మెట్లను స్థిరపరచిన ఘనతను సంప్రదాయం 17వ శతాబ్దంలో తంజావూరును ఏలిన తెలుగు కవిరాజు రఘునాథ నాయకుడికీ, ఆయన మంత్రి గోవింద దీక్షితులకూ ఇస్తుంది. మెట్లు స్థిరపడ్డాయి గానీ అవి కూర్చున్న మైనం మాత్రం మెత్తనిదే. వీణ బాగోగులన్నీ ఆ మెత్తదనం చుట్టూ తిరుగుతాయి.

గిటారుతో పోల్చి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. గిటారు మెడలో సన్నని గాళ్లు కోసి లోహపు మెట్లను దిగగొడతారు. వాటి చోటు ఇక మారదు. వీణలో ఆ చోటే మారగలదు. ఎండకు చెడేదీ ఆ మైనమే, చెడినదాన్ని మళ్లీ దిద్దుకోనిచ్చేదీ ఆ మైనమే.

చెక్క సంగతి వేరు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా పనస దుంగలతో వీణలు చేస్తున్నాయి. నూజివీడు వీణలకూ అంతే పేరుంది. కుండ, దండి ఒకే దుంగ నుంచి తొలిచినదాన్ని ఏకాండ వీణ అంటారు. అతుకులు లేనందువల్ల వాతావరణం మారినప్పుడు కీళ్ల దగ్గర విడిపోయే బాధ దానికి తక్కువ. అయినా ఎంత ముదిరిన చెక్కైనా తేమను పీల్చుకోక మానదు. అది పొడవునా దాదాపు మారదు, నారకు అడ్డంగా ఉబ్బుతుంది. తొలకరి మొదలైతే కుండ మీది పలక కాస్త పైకి లేస్తుంది. దాని మీద నిలిచిన గుర్రం లేస్తుంది, గుర్రంతోపాటు తీగలూ లేస్తాయి. పై స్థాయి మెట్ల మీద నొక్కడానికి వేలికి బలం చాలదు. గట్టిగా నొక్కితే స్వరం హెచ్చుతుంది. ఎండాకాలంలో ఇదంతా తిరగబడుతుంది. పలక కిందికి దిగి, తీగ మెట్లకు తగులుతూ గరగరలాడుతుంది. బిరడాలు కూడా వానల్లో ఉబ్బి బిగుసుకుంటాయి, ఎండల్లో సన్నబడి జారిపోతాయి. జారేవాటికి సుద్దపొడి రాయడం పాత ఉపాయం.

మైనం పూర్తిగా కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి. కానీ 40 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే అది మెత్తబడుతుంది. మెత్తబడిన మైనం మీద వేలు బలంగా నొక్కితే మెట్టు ఒరుగుతుంది. ఎండలో నిలిపిన కారులో వీణను వదిలి వెళ్లడాన్ని మించిన అపకారం దానికి లేదు.

ఋతువులు చేసేది సగమే. మిగతా సగం వాయించే చెయ్యి చేస్తుంది. వీణ మీద గమకం అంటే తీగను మెట్టు మీదే పక్కకు లాగి పై స్వరాలను అందుకోవడం. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వంటి వైణికులు గొంతెత్తి పాడినట్టుగా పలికించిన సంగతుల వెనక ఈ లాగుడే ఉంది. ఉక్కు తీగ కంచు మీద రోజూ ఒరుసుకుంటే అక్కడ గాడి పడుతుంది. గాడిలో పడిన తీగ సాఫీగా జరగదు. అప్పుడు ఆకురాయితో మెట్టును రుద్ది నునుపు చేయాలి. వేళ్లు సులువుగా జారడానికి వైణికులు పక్కనే కొబ్బరినూనె పెట్టుకుంటారు. ఆ నూనె తీగకు తుప్పు పట్టనివ్వదు గానీ దుమ్మును పోగుచేస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో సాధన ముగియగానే తీగలను పొడి నూలుగుడ్డతో తుడవడం తప్పనిసరి.

మేళం చెడినట్టు తేలితే పనివాడి చేతికి ఇవ్వాల్సిందే. అతను మెట్లు ఊడదీసి, ఎండిపోయిన మైనాన్ని గీకి, కొత్తది పోసి గట్లు తీరుస్తాడు. ఆ తర్వాత పని చెవిది. 12వ మెట్టు మీద సారణి పై షడ్జమం పలకాలి, 7వ మెట్టు మీద పంచమం. ఈ రెండు గుర్తుల మధ్య మిగతావి కుదురుకుంటాయి. పైకి పోయేకొద్దీ ఎడం తగ్గుతుంది. 12, 13 మెట్ల మధ్య ఎడం, బిరడాల వైపు తీగలు ఆనుకునే మేరువుకూ మొదటి మెట్టుకూ మధ్య ఉన్నదానిలో సగమే. అందుచేత పై స్థాయిలో ఒక మిల్లీమీటరు పొరపాటు, కింది స్థాయిలో రెండు మిల్లీమీటర్ల పొరపాటుతో సమానం. అక్కడ అతని చెయ్యి ఊపిరి బిగబట్టినట్టు కదులుతుంది. కాల్చిన ఇనుప చువ్వను మైనానికి తాకించి, మెట్టును వెంట్రుకవాసి జరిపి, తీగ మీటి, మళ్లీ జరుపుతాడు. సారణి మీద కుదిరిన మెట్టు, లావాటి అనుమంద్రం మీద కుదరకపోవచ్చు. అప్పుడు మెట్టును కొంచెం ఏటవాలుగా తిప్పుతాడు. గాళ్లలో దిగగొట్టిన మెట్లకు ఈ వీలు లేదు.

ఇంట్లో చేయగలిగినవి కొద్దే అయినా మేలు చేస్తాయి. వీణను గోడ వారగా, కిటికీ ఎండ పడని చోట, గుడ్డ కప్పి ఉంచాలి. ఏసీ గది నుంచి వేడి గదికి తెచ్చిన వెంటనే శ్రుతి చేయకుండా కాసేపు ఆగాలి. అమెరికాలో పిల్లలకు వీణ నేర్పిస్తున్న తెలుగు ఇళ్లకు ఎండకన్నా చలికాలపు హీటర్లతో ముప్పు ఎక్కువ. గాలి మరీ పొడిబారి పలక పగలవచ్చు. ఆ గదిలో తేమ పెంచే చిన్న పరికరం ఒకటి పెడితే వీణ కుదుటపడుతుంది.

మైనానికి బదులు మరలతో మెట్లు బిగించిన వీణలు ఇప్పుడు దొరుకుతున్నాయి. దూర ప్రయాణాలకు అవి సుఖం. కానీ మేళం కట్టే పనిలో ఇంకొక మెలకువ ఉంది. ఒక్కో చెయ్యి ఒక్కో బలంతో నొక్కుతుంది, ఆ బలాన్ని బట్టి స్వరం కాస్త ఎక్కుతుంది, తగ్గుతుంది. అందుకే అనుభవమున్న పనివాడు తన మీటుతోనే తృప్తిపడడు. వీణను దాన్ని రోజూ వాయించే మనిషి ఒడిలో పెట్టి, ఒకసారి కింది నుంచి పైదాకా వాయించమంటాడు. ఆమె వాయిస్తూ 24వ మెట్టు దగ్గరికి వస్తుంది. అతను తల కొద్దిగా వంచి విని, చువ్వను మళ్లీ నిప్పుల్లో పెడతాడు.