గుండమ్మ ఏ ఊరి మనిషి? – హాస్యం, యాస, సరిహద్దు తెలుగు

దేవనహళ్ళిలో ఒక సాయంత్రం విద్యార్థులతో కూర్చుని పాత సినిమాల గురించీ, టీవీ హాస్య ధారావాహికల గురించీ మాట్లాడుకుంటున్నాం. ఒక విద్యార్థిని అన్న మాట ఈ వ్యాసానికి ప్రేరణ. "మేము ఇంట్లో మాట్లాడేది తెలుగే సార్. అయితే సినిమా తెలుగు మాది కాదు. హైదరాబాదులో నేను నోరు తెరిస్తే జోకు చెప్పకముందే నవ్వుతారు."

ఈ మాటలో ఒక విమర్శ సూత్రమే ఉంది. నవ్వు రెండు రకాలు. మనిషి చేసిన పనిని చూసి నవ్వేది ఒకటి. అతని ఉచ్చారణ విని నవ్వేది మరొకటి. వికృతమైన వేషం, మాట, చేష్ట హాస్యానికి కారణాలని భరతుని నాట్యశాస్త్రం చెప్పింది. అయితే ఏ మాట వికృతమో నిర్ణయించేది ఎవరు? తెలుగు సినిమా చరిత్రలో ఆ అధికారం చాలాకాలం కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి భాషకే దక్కింది.

'గుండమ్మ కథ' (1962)ను ఈ దృష్టితో మళ్ళీ చూడాలి. దీనికి మూలం బి. విఠలాచార్య తీసిన కన్నడ చిత్రం 'మనె తుంబిద హెణ్ణు' (1958). విజయా సంస్థ ఆ కథను తీసుకుని చాలా మార్చింది. షేక్‌స్పియర్ గయ్యాళి నాటకపు ఛాయలూ అందులో చేరాయి. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, డి.వి. నరసరాజు సంభాషణలు. కథ ఎంత మారినా గుండమ్మ పేరు మాత్రం మారలేదు. గుండప్ప, గుండమ్మ కన్నడ సీమలో ఇంటింటి పేర్లు. ప్రసిద్ధ కన్నడ రచయిత డి.వి. గుండప్ప పుట్టిన ముళబాగిలు మనకు ఎంతో దూరం కాదు. కోస్తా ఊళ్ళలో అంతగా వినపడని ఆ పేరు సూర్యకాంతం పుణ్యమా అని తెలుగువారందరి సొత్తు అయింది.

ఈ చిత్రంలో నవ్వు ఎక్కడినుంచి పుట్టింది? సవతి కూతురిని పనిమనిషిని చేసిన ఇల్లాలు ఆమె. ఆస్తిపరుడి కొడుకు అంజి అనే నౌకరుగా ఆ ఇంట చేరి, నిక్కరు తొడుక్కుని పిండి రుబ్బుతాడు. అతను నౌకరు కాడని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆ తేడాలోనే హాస్యమంతా ఉంది. చివరికి దుర్గమ్మ చేతిలో గుండమ్మ తానే బాధలు పడేసరికి మన నవ్వు జాలిగా మారుతుంది. యాస మీద నవ్వు ఇలా జాలిగా మారడం అరుదు. అది మనిషిని చూడకముందే ముగిసిపోతుంది.

భాషతో నవ్వించడమే తప్పని మా అభిప్రాయం కాదు. 'మాయాబజార్' (1957)లో పింగళి నాగేంద్రరావు 'అసమదీయులు', 'తసమదీయులు' అని కొత్త మాటలు పుట్టించారు. ఆ మాటలు ఏ జిల్లావీ కావు కనుక అందరూ సమానంగా నవ్వుకున్నారు. కాని తర్వాతి దశాబ్దాలలో తెలంగాణ పలుకుబడి ఎక్కువగా ప్రతినాయకుడికీ, హాస్యగాడికీ దక్కింది. నాయకుడు మాత్రం 'శుద్ధ' భాష మాట్లాడాడు. 'ప్రతిఘటన' (1985)లో కోట శ్రీనివాసరావు నటన గొప్పదే. అయితే ఆ యాస ఎవరి నోట పెట్టారన్నది వేరే ప్రశ్న.

టీవీలో 2001లో మొదలైన 'అమృతం' మరో ఉదాహరణ. అందులో అమృతరావు పాత్రధారులు మారారు, హాస్యం చెడలేదు. కారణం, అది ఒక గొంతు మీద కాక, హోటలు నడపలేక నడిపే ఇద్దరు మిత్రుల స్వభావం మీద ఆధారపడింది.

ఇక మళ్ళీ గుండమ్మ దగ్గరకు వద్దాం. ఆమె పేరు సరిహద్దు దాటింది. సరిహద్దు పలుకు మాత్రం దాటలేదు. ఆ చిత్రం మన యాసను ఎగతాళి చేయలేదు, దానికి చోటూ ఇవ్వలేదు. ఆ చోటు కోసం 2021 దాకా ఆగవలసి వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల తీసిన 'సినిమా బండి'లో ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలోని ఆటో డ్రైవరుకు తన ఆటోలో ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరును తోడు చేసుకుని ఊరివాళ్ళతోనే సినిమా తీయబోతాడు. అందరూ మన పలుకే మాట్లాడతారు కనుక అది ఎవరికీ వింత కాదు. సినిమా తీయడం రానివాళ్ళు సినిమా తీస్తున్నారన్నదే నవ్వు. 'పెళ్ళిచూపులు' (2016), 'బలగం' (2023) తెలంగాణ పలుకుకు ఇలాంటి గౌరవమే ఇచ్చాయి. అయినా మొత్తం చిత్రాలలో ఇవి కొన్నే.

మేమూ నిర్దోషులం కాము. తరగతిలో ఎవరైనా 'వస్తా ఉండాను' అంటే చిరునవ్వుతో 'వస్తున్నాను' అని దిద్దిన రోజులు మాకున్నాయి. భాషాశాస్త్రం చదివినవారు చేయకూడని పని అది. రెండూ వ్యాకరణబద్ధమైన రూపాలే; ఒకటి పాఠ్యపుస్తకానికి ఎక్కింది, మరొకటి ఎక్కలేదు. అంతే తేడా.

విద్యార్థులకు మా సూచన ఒక్కటే. ఇంటికి వెళ్ళినప్పుడు మీ అవ్వ ఏ మాటకు నవ్వుతుందో, మీ నాయన ఎవరి కథ చెప్పి నవ్విస్తాడో రాసుకోండి. కన్నడ 'సుమ్నే' మధ్యలో వస్తే కొట్టివేయకండి, అలాగే ఉంచండి. మన నవ్వును మనం రాసిపెట్టుకోకపోతే, రేపు మన గురించి ఇతరులు నవ్విన నవ్వే చరిత్రగా మిగులుతుంది.