ఉమ్మడి చట్రంలో సవర లెక్క

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005లో వచ్చింది. దాన్ని అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో రాష్ట్ర చట్రం రాసుకుంది, ఆపైన గణిత పుస్తకాలు మారాయి. బడి చదువును బడి బయటి బతుకుతో కలపాలన్న మాట రెండింటిలోనూ ఉంది. ఆ మాటతో మనకు పేచీ లేదు. మన పిల్లలూ రేపు అందరితోపాటు అవే పోటీ పరీక్షలు రాయాలి గనుక ఉమ్మడి చట్రం ఉండాల్సిందే. పేచీ అంతా పుస్తకాన్ని దానికి సరిపెట్టిన తీరుతోనే. ఏ తరగతిలో ఏ అధ్యాయం రావాలో చూశారు గానీ, పిల్ల ఏ లెక్కతో బడికొస్తుందో చూడలేదు.

సవర భాషనే తీసుకుందాం. పన్నెండును మిగ్గెల్ అంటారు. పదమూడంటే పన్నెండూ ఒకటి, పందొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఆపైన ఇరవైల లెక్క. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. నలభై అంటే రెండు ఇరవైలు. బడిలో మాత్రం పుల్లలను పదేసి కట్టలు కట్టమంటారు. 13 అంటే ఒక కట్ట, మూడు పుల్లలు. ఇంట్లో మరోలా విన్న పిల్ల ఇక్కడ తడబడితే 'స్థానవిలువ రాదు' అన్న ముద్ర పడుతుంది. నిజానికి 33ని 20+12+1గా విడగొట్టే పిల్లకు కూడిక అప్పటికే నోటికి వచ్చింది. అవే 33 పుల్లలను ఒకసారి ఇంటి లెక్కన, మరోసారి పదుల కట్టలుగా పేర్పిస్తే చట్రం అడిగే స్థానవిలువా వస్తుంది, ఇంటి లెక్కా నిలుస్తుంది. సంతలో తెలుగు లెక్కే నడుస్తోంది కదా అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. సంతలో నడిచేదే లెక్క అయితే బీజగణితం ఎందుకు చెబుతున్నట్టు?

భిన్నాలకూ ఇంతే. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. సోల కుంచంలో పదహారో వంతు. కొలపాత్ర ఊరూరికీ కాస్త మారొచ్చు, సగం మాత్రం సగమే. గింజలు కొలిచిన చేతికి రొట్టె బొమ్మ గీసి సగం చూపించడమెందుకు?

2004లో 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైనప్పుడు ఎంతో ఆశపడ్డాం. కానీ అంకె పక్కన సవర మాట అచ్చు వేస్తే చాలదు, ఆ మాటలోని కూడిక పాఠంలోకి రావాలి. 2023లో మరో జాతీయ చట్రం వచ్చింది. పుస్తకాలు ఈసారి మారేటప్పుడు ముసాయిదా రాసే బల్ల దగ్గర సవర, కోయ, గోండు ఉపాధ్యాయులకు కుర్చీ వేయమని అడుగుదాం. ఈలోగా మన పల్లెల్లో పెద్దల చేత ఒకటి నుంచి వంద దాకా చెప్పించి, నోటుపుస్తకంలో రాసి ఉంచుకుందాం.