సాలీడుకు తొలి తిండి

నాట్లు వేసి రెండు వారాలు తిరక్కముందే వరిచేలో సాలీళ్లు తిరుగుతుంటాయి. పైరును పీల్చే సుడిదోమ అప్పటికి ఒకటీ అరా తప్ప కనిపించదు. మరి ఇవి ఏం తిని బతుకుతున్నట్టు?

గట్టు మీద నిలబడితే దీనికి జవాబు దొరకదు. నాకు చేను చూడడమంటే మడిలోకి దిగి, దుబ్బును కాస్త వంచి, అరచేత్తో తట్టి, నీటి మీద ఏం రాలాయో చూడడం. మొదటి రెండు వారాలు దాటాక గోధుమరంగు సుడిదోమలు రాలతాయి. అప్పటికే చేలో ఉన్న తోడేలు సాలీడు వాటి వెంటపడుతుంది. అది గూడు అల్లి కూర్చోదు, నీటి మీద పరుగెత్తి పట్టేస్తుంది. ఆడదైతే పొట్ట చివర గుడ్ల సంచి అంటుకుని ఉంటుంది. ఆ బరువుతోనే వేట. చూసిన ప్రతిసారీ నాకు గౌరవం కలుగుతుంది.

దాని తొలి తిండి గుట్టు జావా దీవి వరిచేలల్లో తేలింది. శాస్త్రవేత్త విలియం సెటిల్ బృందం 1996లో ఆ వివరాలు ప్రచురించింది. దమ్ములో కలిసిన పాత దుబ్బులు, ఎరువు నీటిలో కుళ్లుతాయి. ఆ కుళ్లు మీద బతికే పురుగుల్లో కుట్టని దోమలూ ఉన్నాయి. అవి రెక్కలొచ్చి పైకి లేవగానే సాలీళ్లకు విందు. అంటే పోయిన పంట పట్టిన ఎండే ఈ పంట కాపలాదారును మేపుతోంది!

తిండిలోని శక్తి మెట్టు మెట్టుకూ తరిగిపోతుందని శాస్త్రవేత్త రేమండ్ లిండెమాన్ 1942లోనే చూపాడు. స్థూలంగా పదో వంతే పై మెట్టుకు చేరుతుంది. మిగతాదాంట్లో చాలా భాగం ఊపిరికీ కదలికకూ ఖర్చయి వేడిగా పోతుంది. అందుకే వేటాడే జీవి ఎక్కడైనా కొద్దిగానే ఉంటుంది, పోతే తేలిగ్గా తిరిగిరాదు. మందు కొట్టినప్పుడు సుడిదోమా, సాలీడూ రెండూ చస్తాయి. ఆకు తొడుగులో దాగిన దోమ గుడ్లు మాత్రం మిగులుతాయి. అవి పిల్లలయ్యేసరికి చుట్టూ కావలసినంత తిండి ఉంటుంది, తరిమేవాళ్లుండరు. చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. మందు చాలక దోమపోటు వచ్చిందనుకుని మళ్లీ కొడతాం. చాలాచోట్ల అసలు కారణం మొదటి మందే. ఇది గ్రహించే ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది.

కౌలుకు చేసే రైతు భయం నాకు తెలుసు. పంట పోయినా కౌలు కట్టక తప్పదు. పక్క చేలో మందు వాసన వస్తే అతని చెయ్యి ఆగదు. తప్పుపట్టను. కానీ వరికి తొలిరోజుల్లో ఆకులు కొన్ని పోయినా కొత్త పిలకలతో పూడ్చుకునే శక్తి ఉంది. నాటిన తొలి నెలలో ఆకుతినే పురుగుల కోసం మందు కొట్టవద్దని శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే.

ఈ సార్వాకు దమ్ములో పశువుల ఎరువో, జీలుగో కలపండి. మందు డబ్బా తెరిచేముందు నాలుగు మూలలా, నడిమధ్యా దుబ్బులు తట్టి దోమలతోపాటు సాలీళ్లనూ లెక్కపెట్టండి.