పాస్‌బుక్కులో పడిన పద్దు

సర్కారు ఆసుపత్రిలో మందు లేదంటే నిధులు లేవనుకుంటాం. నిధులున్నా కొరత వస్తుంది. ఒకచోట మాత్రలు గుట్టపడి గడువు తీరిపోతుంటే, పక్క ఊళ్లో అవే మాత్రలు దొరకవు. ఈ చిక్కుముడిని తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ విప్పిన తీరు, కొనుగోళ్లు చూసే ప్రతివారూ దగ్గరగా చూడదగ్గది.

1994లో నమోదై, 1995లో పని మొదలుపెట్టిన ఈ ప్రభుత్వ సంస్థ రాష్ట్రం మొత్తానికీ జెనెరిక్ పేర్లతో టెండరు పిలిచి మందులు కొంటుంది. టోకున కొంటే ధర దిగుతుందని ఏ కిరాణా వ్యాపారికైనా తెలుసు. అసలు పనితనం ఆ తర్వాత కనిపిస్తుంది.

ఆసుపత్రికి మందుల కోసం చాలామటుకు నగదు ఇవ్వరు, పైనుంచి సరుకూ తోసెయ్యరు. ఏడాదికి ఇంత విలువ అని రాసిన పాస్‌బుక్కు ఇస్తారు. దాని మీద జిల్లా గోదాముకు ఇండెంటు పెట్టాలి: పారాసెటమాల్ ఇన్ని, సెలైన్ సీసాలు ఇన్ని. ఇచ్చిన సరుకు విలువను ఆ పుస్తకంలో ఎక్కించి, మిగులు తేలుస్తారు. జ్వరాల సీజన్లో సెలైన్ ఎక్కువ కావాలంటే తీసుకోవచ్చు, ఆ మేరకు మరో మందు తగ్గించుకోవాలి. ఏది ఎంచుకోవాలో ఆసుపత్రి ఇష్టం, హద్దు మాత్రం ఖజానాది. అలా ఒకే పద్దులో ఖర్చెంతో, వాడకమెంతో రెండూ పడతాయి. గోదాముల కంప్యూటర్ల నుంచి చెన్నై చేరిన ఆ లెక్కలే రాబోయే ఆర్డర్లకు ఆధారం.

నాణ్యత దగ్గరా అంతే జాగ్రత్త. గోదాముకు వచ్చిన బ్యాచ్‌ల నుంచి నమూనాలు తీసి, కంపెనీ పేరు కనబడకుండా చేసి, కోడ్ నంబరు వేసి ల్యాబుకు పంపుతారు. తాము పరీక్షిస్తున్న మాత్ర ఎవరు చేసిందో ల్యాబువాళ్లకు తెలియదు. ఫలితం బాగుంటేనే సరుకు ఆసుపత్రులకు కదులుతుంది.

సరఫరాదారు ఒక్కడే అయితే, అతను చేతులెత్తేసిన రోజున అంతా ఆగిపోతుంది. అందుకే తక్కువ ధర కోట్ చేసిన కంపెనీతో పాటు, అదే ధరకు ఒప్పుకున్న ఇతరులకూ ఆర్డరు పంచే వీలు పెట్టుకున్నారు.

ఆ తర్వాత కేరళ, రాజస్థాన్ కూడా ఇలాంటి కార్పొరేషన్లే పెట్టుకున్నాయి. ఈ పాఠం వ్యాపారాలకూ వర్తిస్తుంది. ఖర్చుల విశ్లేషణకని ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనబోయే వ్యాపార సంస్థ ముందుగా తన గోదాము గుమ్మం దగ్గర నిలబడి చూడాలి. సరుకు చేతులు మారేటప్పుడు పద్దు రాసేదెవరు? అందులో బిల్లుతో పాటు అవసరమూ నమోదవుతోందా? అక్కడ రాయని సంగతిని ఏ సాఫ్ట్‌వేరూ తవ్వి తీయలేదు.